చేతులు వదిలేసే కారు, మన అడాస్ కారు ఒకటేనా? బరంపురం–విశాఖ రోడ్డుకి ఏది పనికొస్తుంది?

బరంపురం_బండి:
నమస్తే అందరికీ. వారానికోసారి బరంపురం నుంచి విశాఖకి ఎన్‌హెచ్ 16 మీద వెళ్తాను. నెలకి ఒకటి రెండుసార్లు జయపురం నుంచి సుంకి ఘాటు దిగి, సాలూరు మీదుగా విజయనగరం. కొత్త కారు తీసుకోవాలి, అడాస్ (స్టీరింగు, బ్రేకు, స్పీడుల్లో డ్రైవరుకి సాయపడే కెమెరా, రాడార్ ఏర్పాటు) ఉన్నది. షోరూంలో "లెవెల్ 2 అడాస్ సార్, చేతులు వదిలేసినా అదే పోతుంది" అంటున్నారు. అమెరికాలో ఉన్న మా బావమరిది కారులో నిజంగానే చేతులు పెట్టక్కర్లేదట, అదీ లెవెల్ 2యేనట. రెండూ ఒకే లెవెల్ అయితే తేడా ఎక్కడుంది? పై వేరియంటుకి పెట్టే డబ్బు ఈ రోడ్లకి దండగా?

ఇచ్ఛాపురం_గేటు:
మీ బావమరిది చెప్పింది నిజమే. షోరూం వాళ్లు చెప్పింది మాత్రం ప్రమాదం. లెవెల్ అంకె చేతుల గురించి కాదు, రోడ్డు చూసే పూచీ ఎవరిదన్న దాని గురించి. ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల సంస్థ) లెక్కలో 0 నుంచి 5 దాకా ఆరు మెట్లు. స్టీరింగు, స్పీడు రెండూ కారు ఒకేసారి పట్టించుకుంటే అది 2, కానీ చూడాల్సింది మీరే. కారే చూసుకునేది 3 నుంచి మొదలు. మెర్సిడెస్ డ్రైవ్ పైలట్ అలాంటిదే. 2022లో జర్మనీలో అమ్మకానికి వచ్చినప్పుడు అది కూడా హైవే ట్రాఫిక్‌లో, 60 కి.మీ. లోపే పనిచేసేది.

ఇక లోపలి సరుకు చూద్దాం. అడాప్టివ్ క్రూజ్ అంటే ముందు బంపరు దగ్గరుండే 77 గిగాహెర్ట్జ్ రాడార్ ఎదుటి బండి దూరాన్ని, వేగాన్ని కొలిచి ఆక్సిలరేటరు, బ్రేకు చూసుకోవడం. కొన్ని కార్లలో ఈ పని కెమెరాయే చేస్తుంది. లేన్ కీపింగ్ అంటే ముందు అద్దం వెనకాలుండే కెమెరా రోడ్డు గీతల్ని చదవడం. ఇందులో రెండు రకాలు. ఒకటి, గీత దాటబోతుంటే వెనక్కి నెట్టేది. ఇది ఆ గీతకీ ఈ గీతకీ కొట్టుకుంటూ పోతుంది, దీన్ని నమ్ముకుని నడపలేం. రెండోది, లేన్ మధ్యలోనే నడిపేది. బ్రోచర్లో రెండింటి పేర్లూ ఒకేలా వినిపిస్తాయి. "మధ్యలో నడుపుతుందా, గీత దగ్గర నెడుతుందా" అని అడగండి.

చేతులు వదిలేసే వాటిలో ఈ రెండూ ఉంటాయి, పైన ఇంకో రెండు. ఒకటి మీ ముఖాన్ని, కళ్లని చూసే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా. రెండోది ముందే కొలిచి పెట్టుకున్న మ్యాపు. అలాంటిదే జీఎం కంపెనీ సూపర్ క్రూజ్, 2017లో క్యాడిలాక్ సీటీ6 కారుతో వచ్చింది. లైడార్‌తో (లేజరుతో దూరాలు కొలిచే పరికరం) కొలిచిన రోడ్ల మీదే అది ఆన్ అవుతుంది, మొదట్లో అయితే డివైడర్ ఉన్న హైవేల మీదే. స్టీరింగు మీద పచ్చ దీపం ఉంటే సిస్టమ్ నడుపుతోందని, నీలం అయితే మీరు తిప్పుతున్నారని, ఎరుపు వచ్చిందంటే వెంటనే పట్టుకోమని. ఫోర్డ్ కంపెనీ ఇలాంటి సిస్టమే బ్లూక్రూజ్, 2021లో వచ్చింది, 2023లో బ్రిటన్ మోటారు వేల మీద కూడా అనుమతి దొరికింది. అలాంటి కారుని ఇక్కడికి తెచ్చుకున్నా ఇచ్ఛాపురం దగ్గర ఆ మ్యాపు లేదు కాబట్టి పచ్చ దీపం వెలగదు.

ఇంకోటి. వదలమన్నది చేతుల్నే, కళ్లని కాదు. 2024 ఫిబ్రవరిలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో బ్లూక్రూజ్ మీద పోతున్న కారు రాత్రిపూట లేన్‌లో ఆగి ఉన్న కారుని గుద్దింది, మనిషి పోయాడు. ఆ మార్చిలోనే అమెరికా బీమా సంస్థల ఐఐహెచ్ఎస్ ఇలాంటి 14 సిస్టమ్‌లలో డ్రైవరు ధ్యాసని కాచే ఏర్పాట్లకి మార్కులు వేస్తే, పర్లేదు అనిపించుకున్నది ఒక్కటే. పదకొండింటికి అట్టడుగు మార్కు.

బరంపురం_బండి:
చేతులు స్టీరింగు మీదే ఉండాలంటే ఇక లాభమేంటన్నా? ఘాటులో అయినా సాయపడుతుందా?

సాలూరు_మలుపు:
ఘాటులో వద్దు తమ్ముడూ, అసలు ఆన్ చెయ్యొద్దు. మలుపులో ఎదుటి బండి రాడార్ చూపు నుంచి పక్కకి జారిపోతుంది. "రోడ్డు ఖాళీ" అనుకుని కారు మీరు పెట్టిన స్పీడుకి ఎగబాకుతుంది, సరిగ్గా వంపు మధ్యలో. దిగేటప్పుడు స్పీడు నిలబెట్టడానికి అది మాటిమాటికీ బ్రేకు వాడి వేడెక్కిస్తుంది. మీరైతే చిన్న గేరులో దింపుతారు. హెయిర్‌పిన్ మలుపు తిప్పేంత బలం లేన్ సిస్టమ్‌కి ఇవ్వరు. చలికాలం పొట్టంగి వైపు మంచు పట్టిందంటే కెమెరాకి గీతే కనపడదు.

లాభం ఎన్‌హెచ్ 16 మీదే. వరసగా మూడు గంటలు కుడికాలికి విశ్రాంతి, అదే అసలు సుఖం. ముందు బండికీ మీకూ మధ్య ఎడం పెద్దది పెట్టండి. 80లో సెకనుకి 22 మీటర్లు పోతాం, రెండు సెకన్ల ఎడం అంటే 44 మీటర్లు. ఆ సందులోకి మోటారు సైకిలో ఆటోనో దూరుతుంది, కారు గట్టిగా బ్రేకు కొడుతుంది, వెనకవాడు హారన్ మోగిస్తాడు. అయినా ఎడం తగ్గించొద్దు, స్పీడే 80కి దించండి.

అసలు భయం ఆగి ఉన్న లారీ. రాడార్‌కి వంతెన, బోర్డు, రెయిలింగు అన్నీ మన స్పీడుతోనే ఎదురొస్తున్నట్టు కనిపిస్తాయి. ప్రతిదానికీ బ్రేకు కొడితే బండి నడవదు. అందుకని కదలని వాటిని చాలా వరకు పక్కన పెట్టేస్తుంది, కెమెరా కూడా ఔనంటేనే నమ్ముతుంది. డాబా ముందు వెనక లైటు, రిఫ్లెక్టరు లేకుండా నిలబెట్టిన లారీ రాత్రిపూట కెమెరాకీ చిక్కదు. ముందు వెళ్లే కారు చివరి క్షణంలో తప్పుకుని లారీ బయటపడితే మరీ కష్టం. గేదెలు, రాంగ్ రూట్ బళ్ల విషయంలోనూ దాన్ని నమ్ముకోవద్దు.

రోడ్డు పని దగ్గర డైవర్షన్ వస్తే పాత గీతలు చెరపకుండా వదిలేస్తారు, కెమెరా వాటి వెంటే పోతుంది. కోతల టైములో ధాన్యం ఆరబోస్తే ఎడమ గీత ఉండదు. గుంత తప్పించబోతే స్టీరింగు వెనక్కి నెట్టిందని కొందరు విసుక్కుంటారు. ఇండికేటర్ వేస్తే నెట్టదు. పర్లాకిమిడి–పాతపట్నం లాంటి రోడ్ల మీద లేన్ అసిస్ట్ బటన్ ఆపేసుకోవడమే నయం.

గాజు_పని:
కొన్నాక చేసే తప్పుల గురించి ఎవరూ చెప్పలేదు. కారు పూజలో గ్రిల్ మీద వేసిన బంతిపూల దండ, ముందు కట్టిన నిమ్మకాయ మిరపకాయలు సరిగ్గా రాడార్ ముందు వేలాడతాయి. అద్దం పైభాగంలో పసుపుతో ఓం రాస్తే కెమెరా కన్ను మూసినట్టే. "సెన్సార్ బ్లాక్" అని వస్తే ముందు ఇవి తీసి తడిగుడ్డతో తుడవండి, సర్వీసుకి పరిగెత్తకండి. బొట్టు బానెట్ మీద పెట్టుకోండి, దేవుడేమీ అనుకోడు.

ముందు అద్దం పగిలి కొత్తది వేస్తే కెమెరాకి క్యాలిబ్రేషన్ (దాని చూపుని మళ్లీ సరిగ్గా కుదర్చడం) తప్పదు. కంపెనీని బట్టి సమంగా ఉన్న నేల మీద టార్గెట్ బోర్డు పెట్టి చేస్తారు, లేదా స్కానర్ తగిలించి గీతలున్న రోడ్డు మీద నడిపి చేస్తారు. కొలత ఒక డిగ్రీ తప్పితే 50 మీటర్ల దూరంలో దాదాపు 90 సెంటీమీటర్లు తేడా. అందుకే అద్దం మార్చే బిల్లులో క్యాలిబ్రేషన్ వేరే లైనుగా ఉందో లేదో చూడండి, బీమా క్లెయిములో రాయించండి. బంపరుకి డెంటింగ్, పుట్టీ, మళ్లీ పెయింటు అయినా రాడార్ చెక్ చేయించాలి. మందపాటి పుట్టీ సిగ్నల్‌ని తినేస్తుంది. బంపరు ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డు మాట ఎత్తొద్దు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిని వద్దంది, రాడార్‌కీ అడ్డమే.

బరంపురం_బండి:
టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి? మాన్యువల్ గేరు తీసుకుంటే నష్టమా?

ఇచ్ఛాపురం_గేటు:
మాన్యువల్‌లో కారు తనంతట తాను పూర్తిగా ఆగి మళ్లీ కదలడం కుదరదు, క్లచ్ మీదేగా. టోల్ గేటు క్యూలో ఆ తేడా తెలుస్తుంది. ఆటోమేటిక్ అయినా ఆగి వెళ్లే రకమేనా, ఓ స్పీడు కిందికి వస్తే క్రూజ్ వదిలేస్తుందా అని ఆ మోడల్ పుస్తకంలోనే చూడండి.

టెస్ట్ డ్రైవ్ ఊళ్లో వద్దు, హైవే మీద అడగండి. 80లో క్రూజ్ పెట్టి, పక్కనుంచి బండి అడ్డం వస్తే బ్రేకు నెమ్మదిగా పడుతుందా, తల ముందుకి ఊగుతుందా చూడండి. లేన్ అసిస్ట్ ఆన్ చేసి పట్టు వదులు చేయండి, చేతులు అంగుళం దూరంలోనే ఉంచి. ఎన్ని సెకన్లకి హెచ్చరిస్తుందో లెక్కపెట్టండి. చాలా కార్లు చేతులు ఉన్నాయో లేదో స్టీరింగు మెలితిప్పే బలంతో కనిపెడతాయి, అందుకే తిన్నటి రోడ్డు మీద చేతులు ఉన్నా "పట్టుకో" అని అరుస్తాయి. చిన్నగా కదిపితే చాలు. ఆ అరుపు ఆపడానికి స్టీరింగుకి నీళ్ల సీసా ఇరికించే వీడియోలు తిరుగుతున్నాయి, ఆ పని మాత్రం చెయ్యొద్దు.