కోల్డ్ అండ్ డార్క్ నుంచి మొదలుపెట్టడం సాధనా, కాలక్షేపమా?

తొలిమెట్టు:
అందరికీ నమస్తే. కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్ నాకు కొత్త, నాలుగు నెలలే అయింది. ఎయిర్‌బస్ ఏ320 విమానాన్ని కోల్డ్ అండ్ డార్క్ నుంచి, అంటే బ్యాటరీ కూడా ఆన్ చేయని స్థితి నుంచి మొదలుపెడితే ఇంజిన్లు స్టార్ట్ అయ్యేసరికి 45 నిమిషాలు పడుతోంది. తీరా ఎగిరేది అరగంట. మా ఫ్రెండ్ చూసి "కంట్రోల్ ఈ నొక్కితే అన్నీ వాటంతటవే ఆన్ అవుతాయి కదా, ఎందుకీ తంటా" అన్నాడు. రేపెప్పుడైనా నిజంగా విమానం నేర్చుకుంటే ఎగిరే ముందు చేసే ఈ ప్రీఫ్లైట్ చెక్‌లు పనికొస్తాయా?

పుష్‌బ్యాక్:
కంట్రోల్ ఈ జిందాబాద్.

చీకటికాక్‌పిట్:
పనికొస్తాయా అని అడగడమేంటి బ్రదర్! అసలు చెక్‌లిస్ట్ ఎలా వచ్చిందో తెలుసా? 1935 అక్టోబర్ 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 లేచీ లేవగానే కూలింది. ఇంజిన్లు బాగున్నాయి, నడిపినాయన అనుభవం ఉన్న పైలట్. ఆగి ఉన్నప్పుడు గాలికి కంట్రోల్స్ కొట్టుకోకుండా వేసే గస్ట్ లాక్ తీయడం మరిచారు, అంతే. జ్ఞాపకాన్ని నమ్ముకుంటే కుదరదని ఆ తర్వాత కాగితం మీద రాసుకోవడం మొదలైంది. 1987లో డెట్రాయిట్‌లో నార్త్‌వెస్ట్ 255 అనే ఫ్లైట్ సంగతి చూడండి. రన్‌వే దాకా వెళ్లేటప్పటి ట్యాక్సీ చెక్‌లిస్ట్ చదవలేదు, లేవడానికి రెక్కల వెనక దించే ఫ్లాప్స్ దించకుండానే టేకాఫ్‌కి వెళ్లారు. 156 మంది చనిపోయారు.

నేను ఆరేళ్లుగా ఒక్క ఫ్లైట్ కూడా రన్‌వే మీద నుంచి మొదలుపెట్టలేదు. బ్యాటరీ వోల్టేజ్ 25.5 దాటిందా, ఫైర్ టెస్ట్, ఏపీయూ అనే చిన్న సహాయక ఇంజిన్, విమానం ఎక్కడుందో చెప్పే ఏడీఐఆర్‌ఎస్ స్విచ్‌లు మూడూ నావ్‌లో... కళ్లకు గంతలు కట్టినా చేసేస్తాను. ఆ ఏడీఐఆర్‌ఎస్ తన స్థానం లెక్కకట్టుకునే అలైన్‌మెంట్ కూడా నిజం విమానంలో పట్టేంత సేపూ ఆగుతాను, ఫాస్ట్ ఆప్షన్ ముట్టుకోను.

రన్‌వే27:
పది నిమిషాలు ఊరికే తెర చూస్తూ కూర్చుంటారా సార్?

చీకటికాక్‌పిట్:
ధ్రువాల వైపు వెళ్తే పదికి మించే పడుతుంది. అయినా కూర్చుంటాను.

రెక్కకిందనీడ:
చీకటికాక్‌పిట్ గారూ, "కళ్లకు గంతలు కట్టినా చేసేస్తాను" అన్నారే, నా ఇబ్బంది సరిగ్గా అదే. చెక్ అంటే కళ్లతో చూడటం కదండీ.

నేను నిజం విమానం, చిన్న సెస్నా 172 మీద నేర్చుకుంటున్నాను. అంతకుముందు రెండేళ్లు ఇంట్లో సిమ్‌లో వందసార్లు రన్అప్, అంటే టేకాఫ్‌కి ముందు ఇంజిన్ పరీక్ష, చేసి ఉంటాను. ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు రెండుంటాయి, ఒక్కోదాన్ని ఆపి చూడాలి. మొదటి వారం ఇన్‌స్ట్రక్టర్ "మాగ్నెటో చెక్" అనగానే థ్రాటిల్‌తో ఇంజిన్ వేగం 1800 ఆర్‌పీఎంకి తెచ్చి, తాళం కుడికి, బోత్, ఎడమకి, బోత్ అని టకటకా తిప్పేసి "చెక్డ్" అన్నాను. ఆయన అడిగారు, "ఎంత తగ్గింది?" నోట మాట రాలేదు. అసలు ఆర్‌పీఎం ముల్లు వైపే చూడలేదు మరి. సిమ్‌లో ఎప్పుడూ ఒకేలా తగ్గుతుంది, చూడాల్సిన పనేముంది? 172ఎస్‌లో ఒక్కో మాగ్నెటోకి 150 ఆర్‌పీఎం దాటి తగ్గకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. అసలు తగ్గకపోతే సంతోషించేదాన్ని కూడా. ఆఫ్ చేసినా ఆఫ్ కాని మాగ్నెటో ఉందేమో అని అనుమానించాలట, అంటే తాళం తీసేసినా ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే ఇంజిన్ అందుకోవచ్చు. ఈ ముక్క నాకు సిమ్ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ అలవాటు వదలడానికి నాకు ఐదు పాఠాలు పట్టింది. అందుకే కొత్తవాళ్లకి "సాధన" అని చెప్తుంటే నాకు భయం.

పుష్‌బ్యాక్:
అది సిమ్ తప్పా, మీ తప్పా అండీ?

చీకటికాక్‌పిట్:
పుష్‌బ్యాక్ మొదటిసారి సరైన మాట అన్నాడు. మీరు చూడలేదు, కాబట్టి ఎవరూ చూడరనా? పైగా సెస్నాని ఏ320తో పోలుస్తారేంటి? తల మీద స్విచ్‌లుండే నా ఓవర్‌హెడ్ ప్యానెల్‌లో మాగ్నెటోలు ఉండవు. సరే, మీరే చెప్పండి, అలైన్‌మెంట్ ఫాస్ట్‌లో పెట్టుకునేవాళ్లు చెక్‌లిస్ట్ గురించి మాట్లాడొచ్చా?

రెక్కకిందనీడ:
అలైన్‌మెంట్ గురించి నేనెక్కడ మాట్లాడానండీ! ఓవర్‌హెడ్ ప్యానెలే కావాలంటే హీలియోస్ 522 తీసుకోండి. 2005 ఆగస్టు 14, లార్నకా నుంచి ఏథెన్స్‌కి వెళ్లే 737. ఆ రోజు తెల్లవారుజామున మెకానిక్‌లు లీక్ టెస్ట్ చేశాక, లోపలి గాలి పీడనాన్ని నిలిపే ప్రెషరైజేషన్ సెలెక్టర్ ఆటోకి బదులు మాన్యువల్‌లోనే ఉండిపోయింది. ఆ పైలట్లు కూడా మీలాగే చెక్‌లు చేసినవాళ్లే. ప్రీఫ్లైట్‌లో, స్టార్ట్‌కి ముందు, టేకాఫ్ తర్వాత, మూడు సందర్భాల్లోనూ అది వాళ్ల కంట పడలేదు. 121 మంది పోయారు. రోజూ ఆటోలోనే ఉండే స్విచ్ కాబట్టి ఆ రోజూ ఆటోలోనే ఉన్నట్టు కనిపించి ఉంటుందని నా ఊహ. మీ సిమ్‌లో ఈ ఆరేళ్లలో ఒక్క స్విచ్ అయినా ఉండాల్సిన చోట లేకుండా ఉందా? ఏదీ ఎప్పుడూ తప్పుగా లేని చోట మీరు చెక్ చేస్తున్నది ఏమిటి? అది ఆటలో ఒక భాగం, అంతే.

చీకటికాక్‌పిట్:
వచ్చింది! "ఆట" అనే మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను. లైసెన్స్ కోసం నాలుగు పాఠాలు కాగానే అందరూ మొదలుపెట్టేది ఇదే. నీకు దొరికింది కాబట్టి అంటున్నావు.

రెక్కకిందనీడ:
నువ్వు, నీకు అనుకోవడం దాకా వచ్చామా? నేను మర్యాదగానే అడిగాను. జవాబు లేకపోతే లేదని చెప్పండి.

రన్‌వే27:
ఇద్దరూ కాస్త తగ్గండి. తొలిమెట్టుకి పనికొచ్చే ముక్క ఒకటి: అనుమతి పత్రం లేని ఇంటి సెటప్‌లో ఎన్ని గంటలు కూర్చున్నా అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లెక్కలో లాగ్‌బుక్‌కి ఎక్కవు. ఆ ఆశ పెట్టుకోకు.

చీకటికాక్‌పిట్:
జవాబు కావాలా? చెప్తాను. పంతొమ్మిదేళ్లప్పుడు పైలట్ లైసెన్స్ కోసం మెడికల్ పరీక్షకి వెళ్లాను. రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి అంకె చదవమన్నారు. మూడో పేజీ నుంచి నాకు అంకె కనిపించలేదు, చుక్కలే. అక్కడితో అయిపోయింది. మీ ఇన్‌స్ట్రక్టర్ "ఎంత తగ్గింది" అని అడిగాడని బాధపడుతున్నారు, నన్ను అలా అడిగేవాడు ఎప్పటికీ ఉండడు. ఆ 45 నిమిషాలు నేను తప్పులు వెతకడానికి కూర్చోను. లైట్లు ఒక్కొక్కటీ వెలుగుతుంటే కూర్చోవడం కోసం కూర్చుంటాను. ఎగరడం కంటే నాకదే ఇష్టం. దాన్ని మౌస్ నొక్కుడు అనిపించుకోవడం ఇష్టం లేదు.

రెక్కకిందనీడ:
సారీ అండీ, అది నాకు తెలియదు. మౌస్ నొక్కుడు అని మాత్రం నేను అనలేదు.

కానీ చూడండి, ఇప్పుడు మీరే చెప్పారు, తప్పులు వెతకడానికి కాదని. పొద్దున్నుంచీ నేనంటున్నది అదే. ఇష్టం కోసం చేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. మీ మొదటి పోస్ట్‌లో 1935, డెట్రాయిట్ తెచ్చి, దీనివల్ల పైలట్ అలవాట్లు వస్తాయని ఒక కొత్త కుర్రాడికి చెప్పారు. నా గొడవ దానితోనే.

చీకటికాక్‌పిట్:
స్విచ్ ఎక్కడుందో తెలియడం కూడా అలవాటే. వరుస తెలిసినవాడికి చూడటానికి తీరిక దొరుకుతుంది. ఏ స్విచ్ ఎక్కడ అని తడుముకునేవాడు ముల్లు ఎప్పుడు చూస్తాడు?

రెక్కకిందనీడ:
ఆ ఒక్క మాట ఒప్పుకుంటా. ఫ్లో, అంటే స్విచ్‌ల వరుస విషయంలో నాకూ మేలే జరిగింది, మిగతావాళ్ల కంటే ముందే వచ్చేసింది.

తొలిమెట్టు:
మరి నేనేం చేయాలి? రెండు వైపులా భయంగా ఉంది.

రన్‌వే27:
నీ సిమ్యులేటర్ ఎక్స్-ప్లేన్ అయితే ఫెయిల్యూర్స్ పేజీలో ఏది ఎప్పుడు పాడవ్వాలో యాదృచ్ఛికంగా పెట్టుకోవచ్చు. అది వద్దనుకుంటే ఇంకా తేలిక, నువ్వు కూర్చునే ముందు ఇంట్లో ఎవరినైనా పిలిచి నాలుగు స్విచ్‌లు ఇష్టం వచ్చినట్టు తిప్పేసి పొమ్మను.

పుష్‌బ్యాక్:
మా ఇంట్లో అడగక్కర్లేదు, పిల్లి ఆ పని రోజూ చేస్తోంది.

చీకటికాక్‌పిట్:
రెండు రోజులు ఇటు రాలేదు. రన్‌వే27 చెప్పినట్టు మా తమ్ముడిని కూర్చోబెట్టి మూడు మార్చమన్నాను. వాడికి ఆ ప్యానెల్ గురించి ఏమీ తెలియదు. వైపర్ ఒకటి ఆన్‌లో ఉంది, వెంటనే దొరికింది. దిగే విమానాశ్రయం ఎత్తు పెట్టే ల్యాండింగ్ ఎలివేషన్ నాబ్ ఆటోలో లేదు. దాని మీద నుంచి రెండుసార్లు చూపు పోయాక మూడోసారి కనిపించింది. మూడోది ఏదో వాడు చెప్పట్లేదు, రాత్రి నుంచి వెతుకుతున్నాను. అలైన్‌మెంట్ మాత్రం ఫాస్ట్‌లో పెట్టను.