పాపకు సారక్క పేరా, నైరానా? మీరేమంటారు?

హన్మకొండ అమ్మ:
వచ్చే బుధవారం మా పాపకు 21 రోజులు. తొట్టెలలో వేసి పేరు పిలవాలి, ఇంట్లో ఇంకా తెగలేదు. పెళ్లయిన ఆరేళ్లకు పుట్టిన పిల్ల. మా అత్తమ్మ మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అదే బెల్లం, మొక్కుకుంది. సారక్క అనే పిలవాలంటోంది. మా ఆయనకు నైరా కావాలి. చిన్న పేరు, ఏ దేశం వాళ్లయినా పలుకుతారంటాడు. ఇద్దరి మాటా సబబే అనిపిస్తుంది, అందుకే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

కాజీపేట సమ్మక్క:
చెల్లీ, నా అసలు పేరే సమ్మక్క. ఊళ్లో ఉన్నన్నాళ్లు ఏ కష్టమూ రాలేదు. మా క్లాసులో ఇద్దరు సమ్మయ్యలు, ఒక సారయ్య, ఒక ఓదెలు ఉండేవాళ్లు. ఇంటర్‌కు సిటీకి పోయాక మొదలైంది. హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీ నుంచి "జాతర ఎప్పుడు?" అని అరిచేవాళ్లు. లెక్చరర్ కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. రెండేళ్లు తల దించుకునే పలికాను. మొక్కు ముఖ్యమే, కాదనను. కానీ రేపు క్లాసులో హాజరు పలకాల్సింది పాప. ఇంట్లో ఎట్లా పిలుచుకున్నా, కాగితం మీద నైరా రాయించండి.

పెంటయ్య మనవడు:
అక్కా, ఆ రెండేళ్ల తప్పు నవ్విన వాళ్లది, పేరుది కాదు. మా తాత పేరు పెంటయ్య. ఆయనకు ముందు నలుగురు పుట్టి పోయారు. అయిదో బిడ్డ పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి, ఎవరో పారేసిన పిల్లవాణ్ని తెచ్చుకున్నట్టు ఇంట్లోకి తీసుకున్నారు. ఇంత పనికిరాని పిల్లవాడు తనకెందుకని చావు వదిలేసి పోవాలని. ఎంగిలి విస్తరిలో పడుకోబెట్టి పుల్లయ్య, తవుడుకు అమ్మినట్టు చేసి తవిటయ్య, బిచ్చమడిగి భిక్షపతి. మా నర్సంపేట వైపు పెద్దవాళ్లలో ఈ పేర్లు ఇప్పటికీ వినబడతాయి.

చిన్నప్పుడు నాకూ తాత పేరు చెప్పాలంటే సిగ్గే. మంగోలియా పేర్ల గురించి చదివాక ఆ సిగ్గు పోయింది. అక్కడ నెర్గుయ్ అని పెడతారు, "పేరు లేదు" అని అర్థం. ఎనెబిష్ అంటే "ఇది కాదు". హున్‌బిష్ అంటే "మనిషి కాదు". బిడ్డను వెతుక్కుంటూ వచ్చిన దయ్యం దారి తప్పి పోవాలని. నైజీరియాలో యోరుబా వాళ్లయితే బిడ్డనే బతిమాలతారు. మాలోమో అంటే "మళ్లీ పోకు", దురోజాయే అంటే "ఉండు, బతుకు సుఖం చూడు". మా ముత్తవ్వ ఆ రోజు పెంటకుప్ప దగ్గర నిలబడి అనుకున్నదీ అదే కదా. మీ అత్తమ్మ ఆరేళ్లు మొక్కింది. ఆ పేరు తీసెయ్యకండి.

హుజూరాబాద్ తెలుగు టీచర్:
అమ్మా, నైరా అంటే నైజీరియా డబ్బు, మనకు రూపాయి ఎట్లాగో అట్లా. 1973 నుంచి అక్కడ చలామణిలో ఉంది. పెట్టొద్దని కాదు, తెలిసి పెట్టండి. ఫోన్లో వెతికితే ప్రతి పేరుకూ లక్ష్మీదేవి, సూర్యకిరణం, విష్ణు అంశ అని వచ్చేస్తుంది. మా బడిలో ఈ ఏడు ఒకటో తరగతిలోనే ముగ్గురు రేయాంశ్‌లు. సూర్యకిరణం అట. తెలుగు చెవికి వినబడేది రేయి, అంటే రాత్రి! కియారా తీసుకోండి. ఇటలీ మాట అనుకుంటే కాంతి. దాదాపు అట్లాగే రాసే ఐర్లండ్ పేరు అనుకుంటే నల్లనిది. ఏ అర్థం నచ్చి పెట్టారని అడిగితే తల్లిదండ్రులు ఫోన్ చూపిస్తున్నారు. నాకు బాధ కలిగేది అక్కడే.

నక్షత్రం అక్షరమే పట్టుకుంటామన్నా ఇబ్బందే. ఆరుద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ. వాటితో ఏ పేరు మొదలవుతుంది? పంతులుగారే పక్క అక్షరానికి సర్దుతారు.

పరకాల మేనత్త:
పాతవన్నీ మంచివనీ అనుకోవద్దు. మహారాష్ట్ర సాతారా జిల్లాలో ఆడపిల్లలకు నకుశ అని పెట్టేవాళ్లు, "అక్కర్లేనిది" అని. 2011లో అక్కడి అధికారులు 280 మందికి పైగా పిల్లలకు ఒకేసారి పేర్లు మార్పించారు. పెంటయ్య పేరు బిడ్డ బతకాలని పెట్టింది. నకుశ పేరు ఎందుకు పుట్టావని పెట్టింది. రెండూ ఒక గాటన కట్టేవి కావు.

కొత్తవాటిలోనూ ఘోరాలున్నాయి. న్యూజిలాండ్‌లో ఒక పిల్లకు "తలూలా హవాయి నుంచి హులా నాట్యం చేస్తుంది" అనే వాక్యమంతా పేరుగా పెట్టారు. తొమ్మిదేళ్ల వయసులో, 2008లో, ఆ పేరు మార్చడానికి జడ్జిగారే పూనుకోవాల్సి వచ్చింది. ఐస్‌లాండ్‌లో అయితే కొత్త పేర్లను చూడటానికి 1991 నుంచి కమిటీయే ఉంది. తమ భాష వ్యాకరణంలో ఇమడకపోతే ఒప్పుకోరు. మనకు అంత కట్టడి అక్కర్లేదు. సారక్క మాత్రం ఎవరో వద్దనుకున్న పిల్ల పేరు కాదు, తల్లి సమ్మక్కతో కలిసి కాకతీయ సైన్యానికి ఎదురు నిలిచిన బిడ్డ పేరు.

కాజీపేట సమ్మక్క:
ఆ మాట నాకు ఇంటర్‌లో ఎవరన్నా చెప్పి ఉంటే బాగుండేది. అయినా రెండు పేర్లుంటే తప్పేంటి? మన ఓరుగల్లు రుద్రమ శాసనాల్లో రుద్రదేవ మహారాజు.

భూపాలపల్లి నాన్న:
బుధవారం లోపే తేల్చాలని ఏమీ లేదు చెల్లె. పేరు లేకుండానే జనన నమోదు చేయించొచ్చు. తర్వాత 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకూ గడువుంది. మాకు పేరు కుదరడానికి నాలుగు నెలలు పట్టింది. ఒకసారి రాయించాక మార్చడమే కష్టం. ఇప్పుడు బడికైనా ఆధార్‌కైనా ఆ సర్టిఫికెటే అడుగుతున్నారు.

హన్మకొండ అమ్మ:
అందరికీ దండాలు. నైరా సంగతి మా ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత తనే "సారల అంటే?" అన్నాడు. సారలమ్మలో నుంచే తీసుకున్నాడు. అత్తమ్మను అడిగితే "నేను పిలిచేది సారక్కనే, మీరేమన్నా రాసుకోండి" అంది, కానీ కోపంగా అనలేదు. ఇప్పుడు ఒక్కటే పేచీ. ఇంగ్లీషులో రాస్తే అందరూ సరళ అని చదువుతారు. మొదట రెండు 'ఏ'లు పెడితే సారల అని పలుకుతారా? టీచర్‌గారూ, మీరే చెప్పాలి.