పూర్తి మత్తు అంటే భయంగా ఉంది, ఆపరేషన్‌కు ఇంకా పది రోజులే ఉంది

ప్రశ్న (గృహిణి, మల్కాజిగిరి)

నాకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని తేలింది. ఈ నెలాఖరున లాప్రోస్కోపీ చేసి తీసేయాలని డాక్టర్లు నిర్ణయించారు. కోత గురించీ నొప్పి గురించీ నాకు బెంగ లేదు. మా ఇద్దరు పిల్లలూ ఆపరేషన్‌తోనే పుట్టారు. అప్పుడు నడుముకు మత్తు ఇచ్చారు కాబట్టి నేను మెలకువగానే ఉండి, బిడ్డ మొదటి ఏడుపు నా చెవులతో విన్నాను. ఈసారి పూర్తి మత్తు ఇస్తారట. ఆ మాట విన్న రోజు నుంచి రాత్రి కన్ను మూతపడబోతుంటే చాలు, ఇలాగే మూతపడి మళ్లీ తెరుచుకోకపోతే ఏమిటన్న ఆలోచన వచ్చి, గుండె దడదడలాడి లేచి కూర్చుంటున్నాను. మధ్యలో మెలకువ వచ్చి, కదలలేక, నోరు తెరిచి చెప్పలేక పడి ఉంటానేమోనన్న భయం కూడా ఉంది.

మా నాన్నగారి మేనత్త ఆపరేషన్ బల్ల మీదే పోయారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. అది మనసులోంచి పోవడం లేదు.

పీఏసీ (ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చేసే పరీక్ష) కోసం మత్తు డాక్టరు దగ్గరికి పంపితే, ఆయన బీపీ, షుగర్ ఉన్నాయా అని అడిగి, నోరు తెరిపించి చూసి, రెండు నిమిషాల్లో కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశారు. నాకు భయంగా ఉందండీ అన్నాను. "అందరికీ ఉంటుందమ్మా, నిద్రపోయి లేచినట్టే" అని తలెత్తకుండానే చెప్పారు. ఇంట్లో మా వారిదీ అదే మాట. ఈ భయాన్ని దాటినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా దాటారో దయచేసి చెప్పండి.

జవాబు (మత్తు వైద్యుడు, సికింద్రాబాద్)

అమ్మా, మీ భయాన్ని తలెత్తి వినని ఆ రెండు నిమిషాల పరీక్షకు అదే వృత్తిలో ఉన్నవాడిగా నేను సిగ్గుపడుతున్నాను. ముందుగా ఒక ముఖ్యమైన మాట. మీ నాన్నగారి మేనత్త సంగతి మీరు మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. కొన్ని మత్తు మందులు తగలగానే ఒళ్లు విపరీతంగా వేడెక్కిపోయే లక్షణం చాలా అరుదుగా కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. ఆ అనుమానం ఉందని ముందే తెలిస్తే ఆ మందులు వాడకుండా వేరే మందులతో మత్తు ఇస్తాం. మీ ఇంట్లో జరిగింది అదేనని నేను అనడం లేదు, అయితే అడిగి తెలుసుకోవలసిన విషయం అది.

"నిద్రపోయి లేచినట్టే" అన్న మాట ధైర్యం చెప్పడానికి అంటారు గానీ, అది సరైన మాట కాదని నా అభిప్రాయం. ఇంట్లో నిద్రపోతే మన ఊపిరిని ఎవరూ కనిపెట్టుకుని ఉండరు. ఇక్కడ ఆపరేషన్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా మీ తల దగ్గర ఒక మనిషి అదే పనిగా ఉంటాడు. ముందు చేతికి సెలైన్ సూది పెట్టి, ఛాతీకి వైర్లు అతికించి, వేలికి క్లిప్పు తగిలిస్తారు. కాసేపు మాస్కుతో ఆక్సిజన్ పీల్చుకోమంటారు. ఆ తరువాత పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ అనే మందు ఎక్కిస్తారు. అది ఎక్కేటప్పుడు చెయ్యి కాస్త మండుతుంది, భయపడకండి, నిమిషం లోపే తెలివి తప్పుతుంది. లాప్రోస్కోపీలో పొట్టలోకి గ్యాస్ నింపుతారు కాబట్టి గొంతులో గొట్టం వేసి, ఊపిరి బాధ్యత మేం తీసుకుంటాం.

చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, సూదితో ఇచ్చిన ఆ మందు ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ తరువాత మిమ్మల్ని మత్తులో ఉంచడానికి మేం ఆపకుండా మందు ఇస్తూనే ఉండాలి. ఇవ్వడం ఆపితే అది ఒంట్లోంచి పోతుంది, మెలకువ దానంతట అదే వస్తుంది. మెలకువ వస్తుందో రాదో అని భగవంతుడి మీద భారం వేసి కూర్చునే పని కాదు ఇది.

మధ్యలో మెలకువ రావడం అసలు జరగదని నేను అబద్ధం చెప్పను. 2014లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద సర్వేలో, తనకు మెలకువ వచ్చిందని తరువాత చెప్పినవారు సుమారు 19,000 పూర్తి మత్తులకు ఒకరు. వారిలో ఎక్కువమందికి అది మత్తు ఎక్కేటప్పుడో దిగేటప్పుడో కలిగింది. మీరు వదిలే ప్రతి ఊపిరిలోనూ మత్తు వాయువు ఎంత ఉందో తెరమీద అంకెలో కనబడుతూనే ఉంటుంది. వేలి క్లిప్పు సంగతి కూడా చెప్పాలి. జపాన్ ఇంజనీరు టకువో అయొయాగి 1974లో కనిపెట్టిన సూత్రం అది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే దాని బీప్ శబ్దం స్థాయి దిగిపోతుంది. మేం వేరే వైపు తిరిగి మందు తీస్తున్నా, ఆ స్వరం కొంచెం కిందికి జారితే చాలు, చెవి పట్టేస్తుంది.

మళ్లీ ఒకసారి కలవాలని ఆసుపత్రిలో అడగండి, అది మీ హక్కు. ముందురోజు రాత్రికి ఆందోళన తగ్గించే మాత్ర ఇవ్వగలరా అని కూడా అడగండి, సొంతంగా మాత్రం ఏదీ వేసుకోకండి. ఆయుర్వేదం మందులతో సహా మీరు వాడేవన్నీ చెప్పండి. సాధారణంగా ఆహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. పాలు కలిసిన చాయ్ ఆహారం కిందికే వస్తుంది. కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది కాబట్టి, ఒక్క గుక్క తాగినా దాచకుండా చెప్పాలి.

జవాబు (ఉపాధ్యాయురాలు, మెహిదీపట్నం)

అక్కా, పోయిన ఏడాది నాకు థైరాయిడ్ ఆపరేషన్ జరిగింది. మీరు రాసిన ప్రతి వాక్యమూ నాదే. నాకు సాయపడింది ఒక్కటే. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరమ్మ వార్డుకు వచ్చినప్పుడు, పక్కన అందరూ ఉన్నా సిగ్గుపడకుండా, "నేను లేవనేమోనని భయంగా ఉందండీ, మీరే ఉంటారా" అని అడిగాను. ఆవిడ మంచం అంచున కూర్చుని, నేనే ఉంటాను, లేచాక మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేదీ నేనే అన్నారు. ఆ రాత్రి కొంచెం నిద్రపోయాను.

పుస్తెలతాడు తీయమన్నప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు. నర్సమ్మ చూసి, బంగారం మా వారి చేతికి ఇప్పించి, పసుపు తాడు ఒక్కటీ నా మణికట్టుకు చుట్టి పైన ప్లాస్టర్ వేసింది. మీ దగ్గర ఒప్పుకుంటారో లేదో ముందే అడిగి ఉంచుకోండి, ఆ క్షణంలో అడగడానికి నోరు రాదు. గోళ్ల రంగు కూడా ఇంట్లోనే తుడిచేసుకోండి. థియేటర్ చాలా చల్లగా ఉంటుంది, దుప్పటి అడిగితే ఇస్తారు. డాక్టరమ్మ మా అబ్బాయి ఏ క్లాసు అని అడిగారు. ఏడో క్లాసు అని చెబుతున్నాను, ఆ మాట పూర్తయిందో లేదో కూడా నాకు తెలియదు. తరువాత విన్నది నా పేరే. లేచాక వణుకు వచ్చింది, గొంతు రెండు రోజులు నొప్పి పెట్టింది. ఇవి ముందే తెలిసి ఉంటే కంగారుపడేదాన్ని కాదు.

జవాబు (విశ్రాంత గ్రంథపాలకుడు, నల్లకుంట)

అమ్మాయీ, మీ భయానికి మన ఊళ్లోనే పాత చరిత్ర ఉంది. అప్పటి మత్తు మందు క్లోరోఫాం తీసుకున్న రోగులు కొందరు ఉన్నట్టుండి ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో, మళ్లీ 1889లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్నది వారి తీర్పు. ఆ తీర్పులో సగమే నిజం. క్లోరోఫాం గుండెను కూడా హఠాత్తుగా ఆపగలదని 1911లో బ్రిటిష్ వైద్యుడు గుడ్‌మన్ లెవీ నిరూపించారు. ఆ ముప్పు భయంతో, ఆందోళనతో ఉన్న రోగులకు ఇంకా ఎక్కువ. అంటే ఆ రోజుల్లో భయపడటమే ప్రమాదం. ఆ మందు ఇప్పుడు వాడుకలో లేదు. ఊపిరినీ గుండెనీ రెండింటినీ క్షణక్షణం కనిపెట్టే కాలంలో మీరు ఆపరేషన్ చేయించుకుంటున్నారు. మన నగరంలోనే చదువుకుని ఆ రోజుల్లోనే క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. రోగి తల దగ్గర కూర్చునే ఆ పని ఈ ఊరికి కొత్తది కాదు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. డాక్టరు గారు చెప్పాక వరంగల్‌లో ఉన్న మా బాబాయికి ఫోన్ చేశాను. ఆ మేనత్తకు పేగు పగిలి మూడు రోజులు ఇంట్లోనే ఉంచారట, ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే స్పృహ లేదట. నలభై ఏళ్లుగా మా ఇంట్లో ఆ మూడు రోజుల సంగతి ఎవరూ చెప్పలేదు. అయినా మీరు చెప్పినట్టు ఇదంతా డాక్టరుకు చెబుతాను. ఆసుపత్రికి ఫోన్ చేసి మత్తు డాక్టరును మళ్లీ కలవాలని గట్టిగా అడిగితే, గురువారం పదకొండింటికి రమ్మన్నారు. స్కానింగ్ కవరు వెనక అడగవలసినవి రాసుకున్నాను. మొదటిది, ఆ రోజు నా తల దగ్గర ఉండేది ఎవరని. రెండోది పసుపు తాడు గురించి.