2011 సఫారీని రెండంగుళాలు లేపాలి, బడ్జెట్ 40 వేలు: టార్షన్ బార్ తిప్పించాలా, స్పేసర్లా, బాడీ లిఫ్టా?

తోపుదారి:
అన్నలూ, నాది 2011 సఫారీ డైకార్ 2.2, టూ వీల్ డ్రైవ్. దామలచెరువు పక్కన మామిడి తోపు ఉంది. మెయిన్ రోడ్డు దిగినాక కిలోమీటరుకు పైన మట్టిదారి. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడి పడింది, మధ్యలో గడ్డ లేచింది. వాన పడి ఎండిందంటే ఆ గడ్డ సిమెంటు దిమ్మె మాదిరి గట్టిపడిపోతుంది, బండి కింద గీసుకుంటా పోతుంది. రెండంగుళాలు లేస్తే చాలు. చేతిలో 40 వేలు ఉంది, తోతాపురి ధర చూసినాక ఇంకో రూపాయి పెట్టే ధైర్యం లేదు. ఒక మెకానిక్ ముందర టార్షన్ బార్ తిప్పి వెనక స్పేసర్ వేస్తే సరి అంటాడు, ఇంకొకాయన బాడీ లిఫ్ట్ అంటాడు. ఏది చేయించమంటారు?

రేణిగుంటరోడ్ షెడ్డు:
తమ్ముడూ, మొదటి మెకానిక్ చెప్పిందే రైటు. సఫారీకి ముందర డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పట్టే రెండు చేతులు), టార్షన్ బార్, అంటే స్ప్రింగు పని చేసే ఇనుప కడ్డీ. వెనక ఫైవ్ లింక్ (యాక్సిల్‌ని పట్టే ఐదు కడ్డీలు), కాయిల్ స్ప్రింగులు. బార్ చివర అడ్జస్టింగ్ బోల్టు ఉంటుంది, జాకీ మీద ఎత్తి బిగిస్తే ముందర లేస్తుంది, కొనాల్సిన సామానే లేదు. వెనక స్ప్రింగుకి స్పేసర్, అంటే ఎత్తు కోసం పెట్టే దిమ్మె, వేస్తే అయిపోయింది. అలైన్‌మెంటుతో కలిపి 10 వేలు దాటదు, మిగిలిన డబ్బు జేబులో పెట్టుకో. బాడీ లిఫ్ట్ జోలికి మాత్రం పోవద్దు. దాంట్లో పైన డబ్బా లేస్తుంది, ఛాసిస్ ఉన్నచోటే ఉంటుంది. నీ గడ్డకు తగిలేది ఛాసిస్ కింద సామాను కదా!

కొలతముఖ్యం:
బాడీ లిఫ్ట్ గురించి చెప్పింది కరెక్టు. అదే లాజిక్ మీ స్పేసర్‌కి ఎందుకు వర్తించదో చెప్పండి. సఫారీ వెనక లైవ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలను కలిపే ఒకే ఇరుసు, దాని నడుమ డిఫరెన్షియల్ గుండు. స్ప్రింగు ఆ యాక్సిల్ మీద కూర్చుంటుంది. స్పేసర్ వేస్తే లేచేది ఛాసిస్, డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. గుండు ఎత్తు టైరును బట్టే ఉంటుంది. కంపెనీ టైరు 235/70 ఆర్16 వ్యాసం సుమారు 735 మి.మీ., 245/75 ఆర్16 వేస్తే 774. తేడాలో సగం, అంటే 19 మి.మీ. గుండు లేస్తుంది. గాడి మధ్య గడ్డ ఉన్న దారిలో కావాల్సింది అదే.

రేణిగుంటరోడ్ షెడ్డు:
19 మి.మీ. కోసం నాలుగు టైర్లు కొనిపిస్తావా సారూ? 40 వేలల్లో నాలుగు మంచి టైర్లే వస్తే గొప్ప. మేం లిఫ్ట్ వేసినాక టేపు పెట్టి కొలిచే బండి ఇస్తాం. రెండంగుళాలు అంటే రెండంగుళాలే.

కొలతముఖ్యం:
ఎక్కడ కొలుస్తారు?

రేణిగుంటరోడ్ షెడ్డు:
బంపర్ కింద, ఫుట్‌బోర్డు కింద. ఇంకెక్కడ కొలుస్తారు?

కొలతముఖ్యం:
అదే నేనూ చెప్పేది. గుండు కింద కొలవండి.

పాకాలజంక్షన్:
గుండు కింద దూరి కొలిచేటోడు ఎవడప్పా 😂

కుప్పంకుర్రోడు:
బ్రో 265/75 వేసెయ్, లుక్కు అదిరిపోతుంది. ఫెండర్‌కి తగిలితే లోపల ప్లాస్టిక్ కోసేయొచ్చు. వీడియోల్లో అందరూ అదే చేస్తున్నారు.

కొలతముఖ్యం:
@కుప్పంకుర్రోడు 265/75 ఆర్16 వ్యాసం 800 మి.మీ. దాటుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ప్లాస్టిక్ ఒక్కటే తగులుతుందనుకోవద్దు. 245/75తోనే స్పీడోమీటరు 5 శాతం దాకా తక్కువ చూపిస్తుంది, 60 చూపిస్తుంటే బండి 63 మీద ఉంటుంది. టైరు పెరిగేకొద్దీ పికప్ తగ్గుతుంది, బ్రేకుకు పని పెరుగుతుంది. నేను టైరు మార్చమనలేదు, గుండు లేవాలంటే టైరు తప్ప దారి లేదన్నాను. రెండూ ఒకటి కాదు.

ఆర్సీబుక్కు:
ఎవరూ చట్టం మాట ఎత్తడం లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఎ(4) వచ్చింది: ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా నీది 2011 బండి, 2026లో 15 ఏళ్ళు నిండుతాయి. ఆర్సీ రెన్యువల్‌కి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. బయటికి పొడుచుకొచ్చిన టైర్లు, డబ్బా కింద దిమ్మెలు అయితే ముందు ఆయన కంట్లోనే పడతాయి. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు ఇదే పట్టుకుంటారు.

పాకాలజంక్షన్:
సిలిండర్లు కట్టుకుని తిరిగే బండ్లు పట్టుకోరు గానీ స్పేసర్ పట్టుకుంటారా సార్

రేణిగుంటరోడ్ షెడ్డు:
అందుకే బోల్టు తిప్పుకోమంటున్నా. బోల్టు కంపెనీదే, బార్ కంపెనీదే.

కొలతముఖ్యం:
కంపెనీ ఆ బోల్టు ఇచ్చింది కుంగిన ఎత్తును సరిచేసుకోవడానికి, బండిని లేపడానికి కాదు. బార్ తిప్పితే స్ప్రింగు గట్టిపడదు, పొడవూ పెరగదు. చక్రం కిందికి దిగే జాగా తగ్గుతుంది, అంతే. మా నాన్నదీ సఫారీనే. ఒక షెడ్డులో బోల్టు చివరిదాకా బిగించి ఇచ్చారు. చూడ్డానికి దర్జాగా నిలబడింది. ఆ తర్వాత ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందర ధడేల్‌మని కొట్టేది, పై చేయి స్టాపర్‌కి తగిలి. కొత్త టైర్లు ఒక అంచు మాత్రమే అరిగి లోపల తీగలు బయటపడ్డాయి. అలైన్‌మెంట్ సెంటరుకు తీసుకెళ్తే క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) రేంజిలోకి రాదు, ముందు బండి దించుకుని రండి అన్నారు. బాల్ జాయింట్ల రబ్బర్లు చిరిగిపోయాయి. రెండు టైర్లు, రెండు జాయింట్లు, ఆ షెడ్డుకు ఇచ్చిన కూలి, అన్నీ కలిపితే దేనికి ఆదా అయినట్టు?

రేణిగుంటరోడ్ షెడ్డు:
ఎవరో చేసినదానికి నా మీద ఎందుకు ఏడుస్తారు? చివరిదాకా తిప్పేది పని తెలియనోడు. అంగుళం, మహా అయితే అంగుళంన్నర, అక్కడ ఆపాలి. ఇంకో సంగతి కూడా రాసుకోండి. మేం బోల్టు తిప్పి, నేరుగా అలైన్‌మెంటుకు పోండి అని చెప్పి పంపిస్తాం. ఆ కాస్త డబ్బు మిగులుతుందని ఇంటికి పోతారు. టైర్లు అరిగినాక వచ్చి షెడ్డు ముందర గొడవ. ఒకాయన అయితే నా మీద పోలీస్ కేసు పెడతానన్నాడు, అలైన్‌మెంట్ బిల్లు చూపించమంటే నోరు మూసుకున్నాడు. చదువుకున్నోళ్ళే ఇట్లా చేస్తారు, తోపులోళ్ళు చెప్పినట్టు వింటారు.

కొలతముఖ్యం:
చదువుకున్నవాళ్ళ మీద కోపం ఉంటే విడిగా మాట్లాడదాం. గుండు ప్రశ్నకు ఇంకా సమాధానం రాలేదు.

రేణిగుంటరోడ్ షెడ్డు:
గుండు గుండు అని మీరే కొట్టుకోండి. అతను అడిగింది తోపులోకి పోవడానికి. అక్కడ గంటకు 15 మీద పోడు. తోపుబండికి క్యాంబర్ లెక్కలు, మిల్లీమీటర్ల లెక్కలు ఏంటికి?

మొగిలిఘాట్:
నేను బంగారుపాళ్యం మార్కెట్టుకు బొలెరో తోలుతుంటాను, దానికి వెనక కమాను పట్టీలు కాబట్టి నా సలహా నీకు నేరుగా పనికిరాదు. ఒక్కటి అడుగుతా. నీ బండిలో గడ్డకు తగిలేది ఏది? ఇంతమంది ఇంత రాసినారు, ఆ మాట ఎవరూ అడగలేదు. బండి కిందికి టార్చి వేసి చూడు, గీసుకున్నచోట ఇనుము తళతళ మెరుస్తుంటుంది. తర్వాత చదునైన చోట ఖాళీ బండి నిలబెట్టి, చక్రం నడిమి నుంచి పైన ఆర్చ్ అంచు దాకా నాలుగు పక్కలా కొలువు. అప్పుడు మాట్లాడదాం.

పాకాలజంక్షన్:
ఒక గంట జేసీబీ పెట్టి ఆ గడ్డ చెక్కించుకో తమ్ముడూ. లిఫ్ట్ కంటే చవక.

తోపుదారి:
@పాకాలజంక్షన్ అన్నా, ఆ దారి సగం మా చిన్నాన్న వాటాలో ఉంది. 2021 నవంబరు వానలకు దారి కోసుకుపోయినప్పుడు మట్టి తోలుదామంటే సగం ఖర్చు ఇవ్వనన్నాడు. నేనొక్కడినే తోలిస్తే ఆయన ట్రాక్టరు దాన్ని మళ్ళీ గాడి చేసింది. ఇప్పుడు జేసీబీ దించితే గట్టు జరిపినాడని పంచాయతీ పెడతాడు. నాకు దారి గురించి సలహా వద్దు, బండి గురించి చెప్పండి చాలు.
@రేణిగుంటరోడ్ షెడ్డు అన్నా, తోపుబండి తోపుబండి అంటున్నారు. ఇంట్లో ఉండేది ఇదొక్కటే. అమ్మను నెలనెలా తిరుమల కొండకు తీసుకుపోయేది ఇందులోనే, వెనక సీట్లో పిల్లోళ్ళు.

రేణిగుంటరోడ్ షెడ్డు:
ఈ మాట మొదట్లోనే చెప్పాలి కదా సామీ! ఇంతసేపూ నేను పొలంబండి అనుకుని మాట్లాడుతున్నా.

కొలతముఖ్యం:
నేను మొదటినుంచీ చెప్పేది ఇదే.

మొగిలిఘాట్:
మీరు మొదటినుంచీ చెప్పింది గుండు గురించి సార్. కొండ మాట మీరూ ఎత్తలేదు.

కొలతముఖ్యం:
సరే, ఇప్పుడు ఎత్తుతున్నాను. బండి పైకి లేస్తే బరువు కూడా పైకి లేస్తుంది. రెండంగుళాలే కదా అనిపిస్తుంది గానీ ఘాట్‌లో వరసగా మలుపులు, ఏడుగురు మనుషులు, పైన క్యారియర్ మీద సామాను. బండి ఒరగడం జాస్తి అవుతుంది. వెనక యాక్సిల్‌ని ఛాసిస్‌కి అడ్డంగా కట్టే పాన్‌హార్డ్ రాడ్ ఉంది కాబట్టి బండి లేస్తే యాక్సిల్ కొద్దిగా ఒక పక్కకు జరుగుతుంది. ఇంకొకటి, వెనక లోడును బట్టి బ్రేకు ఒత్తిడి సర్దే వాల్వు ఉన్న బండ్లలో, ఆ లింకు సర్దకుండా బండి లేపితే ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. నిండు లోడుతో కొండ దిగేటప్పుడు ఆ భారమంతా ముందు బ్రేకుల మీదే పడుతుంది. తోపులో 15 మీద పోయే బండికి ఇవేవీ పట్టవు, ఒప్పుకుంటాను. అమ్మ కూర్చునే బండికి పడతాయి. షెడ్డు వాళ్ళు ‘ఈ బండి ఇంకేం పనికి వాడతావు’ అని అడక్కుండా రేటు చెప్పేస్తారు, నా కోపం అక్కడ.

రేణిగుంటరోడ్ షెడ్డు:
డౌన్ ఘాట్ దిగడానికి 40 నిమిషాలు పట్టాలని టైం పెట్టి ఉంది, రేసుకు పోతాడా ఏంది? రెండో గేరులో దిగేటోడికి ఏమీ కాదు. అయినా అడగలేదంటే ఎట్లా, కస్టమరే రెండంగుళాలు అని అంకె చెప్పి వచ్చినాడు. మేం అడిగితే ‘నీకెందుకు, చెప్పింది చెయ్యి’ అనేవాళ్ళే జాస్తి. మీ నాన్నగారి బండి అప్పుడు మీరు ఆ షెడ్డుకు ఏం చెప్పి ఇచ్చినారు?

కొలతముఖ్యం:
అది ఇక్కడ అప్రస్తుతం.

పాకాలజంక్షన్:
👀

తోపుదారి:
@మొగిలిఘాట్ అక్కా, చూసినాను. మెరుస్తున్న గీతలు సైలెన్సర్ పైపు మీద, గేర్‌బాక్సు కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ మీద. గుండు మీద మట్టి తప్ప ఒక్క గీత లేదు. కొలతలు: ముందర రెండు పక్కలా దాదాపు సమానం. వెనక కుడి కంటే ఎడమ అంగుళం దాకా కిందికి ఉంది. సీజన్‌లో వెనక సీట్లు మడిచి కాయల క్రేట్లు వేస్తాం, మా వాళ్ళు ఎప్పుడూ ఎడమ డోరు వైపు నుంచే ఎక్కిస్తారు.

మొగిలిఘాట్:
అయితే నీకు లిఫ్ట్ కాదు కావాల్సింది. స్ప్రింగులు కూర్చున్నాయి. ఆ వయసు బండికి, ఆ లోడుకు కూర్చోకపోతేనే ఆశ్చర్యం. వాటి మీద స్పేసర్ వేస్తే చచ్చిన స్ప్రింగు కింద చెప్పులు పెట్టినట్టు, ఎత్తు అగుపడుతుంది గానీ క్రేట్లు వేయగానే మళ్ళీ కూర్చుంటుంది. వెనక కంపెనీ స్ప్రింగులు జత, నాలుగు షాకులు, లింకుల బుష్షులు మార్పించు. చెన్నై జీపీ రోడ్డులో అడుగు, రేట్లు అక్కడ నాలుగు షాపుల్లో తిరిగితే గానీ తెలియవు. పుదుపేటలో పాత స్ప్రింగులు చవకగా ఇస్తారు, కొనవద్దు, అవీ కూర్చున్నవే. సైలెన్సర్ పైపు వేలాడే రబ్బర్లు కూడా చూడు, అవి సాగినా పైపు కిందికి దిగుతుంది.

రేణిగుంటరోడ్ షెడ్డు:
అక్క చెప్పింది ఒప్పుకుంటా. స్ప్రింగులు వేసినాక వెనక లేస్తుంది, అప్పుడు ముందర ముక్కు కిందికి అనిపిస్తే బార్ అర అంగుళం తిప్పుదాం. క్రాస్ మెంబర్ కింద మందం రేకు ఒకటి గార్డుగా వేస్తే గీసుకున్నా ఏమీ కాదు. అన్నీ కలిపి నీ 40 వేలల్లోనే చూస్తా. బండి ఖాళీగా తీసుకురా, క్రేట్లు దించేసి.

కుప్పంకుర్రోడు:
ఇంత చేసి లుక్కు ఏమీ మారదా బ్రో? 🥲

కొలతముఖ్యం:
గుండు మీద గీత లేదంటే కారణం, ఇప్పుడు గుండు కంటే ముందు క్రాస్ మెంబర్ తగులుతోంది. ఛాసిస్ లేచాక తర్వాతి వంతు గుండుదే. ఇది గుర్తు పెట్టుకుని గాడి మీద కాకుండా ఒక చక్రం గడ్డ మీద వేసి తోలు.

తోపుదారి:
అట్లనే తోలుతాను సార్. షెడ్డన్నా, సోమవారం వస్తా. స్ప్రింగులు నేనే తెస్తా, కూలి ఎంతో ముందే చెప్పండి.

కొలతముఖ్యం:
@రేణిగుంటరోడ్ షెడ్డు అలైన్‌మెంట్ ప్రింటు ఇప్పిస్తారా?

రేణిగుంటరోడ్ షెడ్డు:
ఇప్పిస్తా.

కొలతముఖ్యం:
తిప్పకముందుదీ, తిప్పినాకదీ, రెండూ?