అప్‌డేట్: రయట్ ఎంఎంఓ కోసం ఇప్పుడే పీసీ మార్చాలా?

మొన్న అడిగింది ఇదీ: లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆట లోకం రూన్‌టెరాలో రయట్ సంస్థ తేబోతున్న ఎంఎంఓ (వేలమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ ఆట) కోసం ఇప్పుడే పీసీ మార్చాలా, ఆగాలా? జవాబులన్నీ సరిచూశాక తేలింది: ఆగడమే.

గేమ్ సంగతి 2020 డిసెంబర్‌లో దాని సారథి గ్రెగ్ స్ట్రీట్ బయటపెట్టారు. 2023 మార్చిలో ఆయన సంస్థ వదిలేశారు. 2024 మార్చిలో రయట్ వాళ్లు, అప్పటిదాకా అనుకున్నది ఇప్పుడున్న ఆటలకు పెద్ద తేడాగా లేదంటూ దిశ మార్చారు, చాలాకాలం నోరు విప్పమనీ చెప్పేశారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఇవాళ కొన్న గ్రాఫిక్స్ కార్డు ఆట వచ్చేనాటికి పాతబడుతుంది.

పైసా ఖర్చు లేని పని మాత్రం ఒకటుంది. రయట్ షూటింగ్ ఆట వాలరంట్‌లోని వాన్‌గార్డ్ యాంటీచీట్ (ఆటలో మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్) 2024లో లీగ్‌కీ వచ్చింది. ఈ ఎంఎంఓకీ అది తప్పదని నా అంచనా. విండోస్ 11లో వాన్‌గార్డ్‌కి టీపీఎం 2.0 (పీసీలోని భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీని లేపే సెట్టింగ్) రెండూ ఆన్‌లో ఉండాలి. విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి 'ఎంఎస్‌ఇన్ఫో32' (msinfo32) తెరిస్తే బయోస్ మోడ్ (పీసీ మొదలయ్యే పద్ధతి) కనిపిస్తుంది. 'లెగసీ' అని ఉంటే అది పాత పద్ధతి, అందులో సెక్యూర్ బూట్ నడవదు; అలాగని తొందరపడి బయోస్‌లో సీఎస్‌ఎం (ఆ పాత పద్ధతిని నడిపే సెట్టింగ్) ఆపేయకండి. డిస్క్ ఎంబీఆర్‌లో (పాత తరహా డిస్క్ అమరిక) ఉంటే విండోస్ ఇక లేవదు. ముందు బ్యాకప్, తర్వాత విండోస్‌లోని ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో డిస్క్‌ని కొత్త అమరిక జీపీటీకి మార్పిడి, ఆ తర్వాతే సీఎస్‌ఎం జోలికి.

పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) సందేహం అలాగే ఉంది. వాలరంట్‌కి ముంబైలో సర్వర్ ఉంది కదా అని దీనికీ ఉంటుందని రాసిపెట్టుకోలేం.