సాయంత్రమైతే "మా ఇంటికి పోతా" అంటున్న అత్తయ్యగారికి ఏం చెప్పాలి?

తెనాలి కోడలు:
మా అత్తయ్యగారికి 76 ఏళ్లు. అల్జీమర్స్ అని నిరుడు న్యూరాలజిస్టు తేల్చారు. ఊళ్లో ఒక్కరే ఉండలేరని హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. పొద్దున పూట బాగానే ఉంటారు. చిక్కుడుకాయలిస్తే ఈనెలు తీసి పెడతారు, పూలు కడతారు. అయిదు దాటిందంటే మనిషే మారిపోతారు. రెండు చీరలు తువ్వాలులో మూటకట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "పొద్దుపోతోంది, గేదె పాలు తియ్యాలి, నన్ను పంపించండమ్మా" అంటారు. ఇదే మన ఇల్లంటే కోపం. "మీ మావయ్యేడీ?" అంటారు. ఆయన పోయి 9 ఏళ్లు. నిజం చెబితే అప్పుడే విన్నట్టు ఏడుస్తారు, గంట తిరక్కుండా మళ్లీ అదే ప్రశ్న. మావారేమో "ఎన్నిసార్లు చెప్పాలమ్మా, గుర్తులేదా" అని విసుక్కుంటారు. పైగా గాజులు నేనే తీశానని పనమ్మాయితో చెబుతున్నారు. అవి బియ్యం డబ్బాలో దొరికాయి లెండి. ఇలాంటివాళ్లకి అబద్ధం చెప్పొచ్చా? మీ ఇళ్లల్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

కండక్టర్‌గారబ్బాయి:
మా నాన్న ఆర్టీసీ కండక్టరు. ఈ జబ్బు ముదిరాక రోజూ దీపాలు పెట్టే వేళకి "డిపోలో డబ్బు కట్టాలి, సంచి ఏదిరా" అని ఇల్లంతా తిరిగేవారు. రిటైరయ్యారు కదా అంటే ఏం లాభం? ఆయన లెక్కలో డ్యూటీ ఇంకా దిగలేదు. మా అమ్మే ఉపాయం కనిపెట్టింది. పాత చేతిసంచిలో చిల్లర, పది రూపాయల నోట్లు వేసి ముందు పెట్టేది. నోట్లన్నీ ఒకే వైపుకి తిప్పి, మూలల మడతలు సాపు చేసి, రబ్బరు బ్యాండు వేసి, కట్టని బొటనవేలితో ఒత్తి చూసుకుని "సరిపోయింది" అనేవారు. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే ఆ పూటకి గండం గడిచినట్టే.

మీ అత్తయ్యగారికీ ఏదో పని మిగిలిపోయిందన్న కంగారే అనిపిస్తోంది. ఇల్లు ఎక్కడుందన్న వాదనలోకి దిగకండి. ఆ గేదె పేరేంటి, పూటకి ఎన్ని పాలిచ్చేది అని అడగండి. కాసేపు మాట్లాడనిచ్చి, "కాఫీ తాగి చూద్దాం పదండి" అని వంటింటివైపు తిప్పండి. చీకటి పడకముందే లైట్లు వేసి కర్టెన్లు మూసేస్తే మా ఇంట్లో సగం గొడవ తగ్గింది. ఆ వేళ టీవీ కూడా కట్టేయండి.

"గుర్తులేదా" అన్న మాట మాత్రం మీవారిని మానేయమనండి. మెదడులో కొత్త సంగతులు దాచుకునే హిప్పోకాంపస్ అన్న భాగం ఈ జబ్బులో ముందుగా దెబ్బతింటుందట. పెళ్లినాటి విషయాలు ఉండి, పొద్దున తిన్న ఇడ్లీ పోయేది అందుకే. పరీక్ష పెట్టినట్టు అడిగితే సిగ్గుపడతారు, ఆ సిగ్గే కోపంగా బయటికొస్తుంది. "ఏం తింటారు?" అని కూడా అడగొద్దు. రెండూ చూపించి ఇడ్లీయా, ఉప్మానా అనండి చాలు.

ఇక గాజులు. తీయలేదని వాదించకుండా "అయ్యో, పదండి వెతుకుదాం" అనండి. బంగారం లాకర్లో పెట్టి గిల్టు గాజులు తొడగండి.

కృష్ణలంక తాతయ్య:
అబ్బాయి చెప్పింది బాగుంది. అబద్ధం దగ్గర మాత్రం కాస్త చూసుకో తల్లీ. మా ఆవిడకీ ఇదే జబ్బు. వాళ్లన్నయ్య చనిపోయాడు. ఆయనేడీ అంటే పొలం వెళ్లాడని ఎవరో చెప్పారు. ఇక చూడు, అన్నం కూడా ముట్టకుండా గుమ్మంలోనే కూర్చుంది, వస్తాడని. అప్పట్నుంచి నేను ఉన్నాడనీ చెప్పను, పోయాడనీ చెప్పను. "మీ అన్నయ్య మీద బెంగగా ఉందా?" అంటాను. ఆవిడే చెప్పుకుపోతుంది, చిన్నప్పుడు సైకిలు మీద తిప్పేవాడనీ అదీ ఇదీ.

వార్డు సిస్టర్:
నేను నర్సుని. పై రెండూ మంచి మాటలే. ఒకటి కలుపుతా. గందరగోళం రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా పెరిగితే జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, సరిగ్గా నీళ్లు తాగకపోవడం, వీటిల్లో ఏదైనా కారణం కావచ్చు. పెద్దవాళ్లకి ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఒక్కోసారి జ్వరం రాదు. వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఈ జబ్బుకిచ్చే డోనెపెజిల్ మాత్ర వాడుతున్నారా? రాత్రి వేసుకుంటే కొందరికి పీడకలలొస్తాయి, పొద్దుటికి మార్చొచ్చేమో డాక్టర్‌నే అడగండి. మీ అంతట మీరు నిద్రమాత్ర ఇవ్వకండి, తూలి పడతారు. తలుపు దాటే అలవాటుంది కాబట్టి మీ ఫోన్ నంబర్ ఉన్న చీటీ ఆ మూటలోనూ, జాకెట్టు లోపలా కుట్టేయండి. పెద్దవాళ్ల కోసం 14567 ఎల్డర్ లైన్ ఉంది, ఫోన్ ఉచితం. మీరూ వారానికో పూట ఎవరికైనా అప్పగించి బయటికెళ్లండి.

తెనాలి కోడలు:
అందరికీ థ్యాంక్సండీ. నిన్న గేదె సంగతి అడిగాను. పేరు గౌరి అట. ఎవరైనా కొత్తవాళ్లు కూర్చుంటే పాలు చేపేది కాదట, అత్తయ్యగారి పాత చీర కట్టుకుని మావయ్యగారు పితికేవారట! మావారికే ఈ కథ తెలీదు, ఆయనా వచ్చి కూర్చున్నారు. కాఫీ అయ్యాక మళ్లీ మూట పట్టుకుని లేచారనుకోండి, కానీ ఏడుపు లేదు. సిస్టర్‌గారూ, వారం నుంచి ఎక్కువైన మాట నిజమే. డాక్టర్‌కి ఫోన్ చేస్తే యూరిన్ టెస్ట్ రాశారు, రేపు ల్యాబ్ వాళ్లు ఇంటికే వస్తారు. ఆవిడ బాత్రూంలోకి నన్ను రానివ్వరు. శాంపిల్ ఎలా పట్టాలో చెప్పగలరా?