శంషాబాద్‌లో అమ్మ ఫ్లైట్ క్యాన్సిల్ అయింది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా అమ్మ హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ బయలుదేరాల్సింది. అక్కకి ఈ నెలాఖరులో డెలివరీ. అమ్మకి ఇదే మొదటి విదేశీ ప్రయాణం, అదీ ఒంటరిగా.

ఇమిగ్రేషన్ కూడా అయిపోయి గేటు దగ్గర కూర్చున్నాక ఫ్లైట్ రద్దయిందని చెప్పారట. అందరినీ వెనక్కి తీసుకొచ్చి, పాస్‌పోర్టులో అప్పుడే వేసిన డిపార్చర్ స్టాంపు మీద ‘క్యాన్సిల్డ్’ అని ఇంకో ముద్ర వేశారు. అది చూసి, వీసాయే రద్దయిందేమోనని అమ్మ ఫోన్‌లో ఏడ్చేసింది. కాదమ్మా, ప్రయాణం జరగలేదని గుర్తు మాత్రమేనని చెప్పినా టెన్షన్ తగ్గలేదు. డల్లాస్‌లో ఆఫీసర్ దాని గురించి అడుగుతారా? ఎవరికైనా అనుభవం ఉందా?

అసలు సమస్య టికెట్‌ది. ఎయిర్‌లైన్ వాళ్లు నాలుగు రోజుల తర్వాత సీటిస్తామంటున్నారు, లేదంటే రీఫండ్. రీఫండ్ తీసుకుంటే ఇప్పుడు కొత్త టికెట్ దాదాపు రెట్టింపు. వేరే ఎయిర్‌లైన్‌లో వాళ్లే సీటు వేయించాలని గట్టిగా అడగొచ్చా? కౌంటర్‌లో ఎవరిని కలిస్తే పనవుతుంది? టికెట్ ఏజెంట్ దగ్గర కొన్నాం, ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

ఇంకొకటి. రెండు సూట్‌కేసుల్లో ఒకటే తిరిగి వచ్చింది. రెండోదాంట్లో అమ్మ మూడు నెలల షుగర్ మాత్రలు, అక్క కోసం చేసిన కాయం (బాలింతలకు పెట్టే మందు) ఉన్నాయి. బ్యాగ్ ట్యాగ్ చీటీ మా దగ్గరే ఉంది. దయచేసి తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి, సాయంత్రం మళ్లీ ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నాను.